యూదుల శుద్ధి సంప్రదాయం

హీబ్రూలో ‘తుమా’ అన్న మాటకు తెలుగులో అన్నిటికన్నా దగ్గరి మాట మైల. దానికి ఎదురు మాట ‘తహారా’, అంటే శుద్ధి. మైలపడ్డ మనిషి ‘తమే’, శుద్ధిగా ఉన్న మనిషి ‘తాహోర్’. యూదుల ధర్మగ్రంథమైన తోరా ప్రకారం పురుడు, ముట్టు, చావు, ఇంద్రియస్రావం, కొన్ని చర్మవ్యాధులు, చచ్చిన జంతువును తాకడం వంటివాటితో మైల వస్తుంది. అది పోవడానికి నీళ్ళు, గడువు, కొన్నిచోట్ల బలి మార్గాలు. ఈ విధుల్లో ఎక్కువ భాగం లేవీయకాండం 11 నుంచి 16 అధ్యాయాల దాకా, సంఖ్యాకాండం 19లోనూ ఉన్నాయి. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంహితలో ఆరు విభాగాలుంటే, ఆఖరిది పూర్తిగా వీటికే కేటాయించారు. దాని పేరు ‘తోహొరోత్’, అందులో 12 గ్రంథాలున్నాయి.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఈ జాబితా కొత్తగా తోచదు. శవం వెంట నడిచి వస్తే గడప తొక్కకముందే నీళ్ళు పోసుకోవడం, పురిటింట్లో పచ్చినీళ్ళు కూడా ముట్టకపోవడం, పురుడు వెళ్ళినరోజు ఇల్లంతా అలికి పసుపునీళ్ళు చల్లడం చూసినవాళ్ళకు లేవీయకాండం అమ్మమ్మ చెప్పే పట్టింపుల్లాగే వినిపిస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. మన మైలలో రెండు రకాలు కలగలిసిపోయాయి. పదకొండు రోజులకో ఇరవై ఒక్క రోజులకో తీరిపోయేది ఒకటి. పుట్టుకతోనే అంటగట్టి, ఊరి బయట ఉంచి, కాటికి పోయేదాకా తీరనియ్యనిది ఇంకొకటి. తోరా చెప్పేది మొదటి రకం గురించి. తెలుగు బైబిలు దానికి ‘అపవిత్రుడు’ అన్న మాట పెట్టింది. మన ఊళ్ళలో ఆ మాట వినగానే రెండో రకమే గుర్తుకొస్తుంది. యూదుల శుద్ధి గురించి తెలుగులో రాయాలంటే ముందు ఈ ముడి విప్పుకోవాలి.

గడువున్న మైల

చచ్చిన పశువును తాకినవాడు పొద్దుగూకేదాకా మైలతో ఉండాలి; మోసినవాడు బట్టలు కూడా ఉతుక్కోవాలి. అంతే. యూదుల లెక్కలో రోజు పొద్దుగూకడంతో మొదలవుతుంది కాబట్టి, కొత్త రోజుతోపాటు ఆ మనిషీ మామూలు మనిషే. మైల రావడం తప్పు కాదు. బిడ్డను కనడం, తల్లిదండ్రులను పాతిపెట్టడం తోరా దృష్టిలో చెయ్యవలసిన పనులు; ఆ రెండింటితోనూ మైల వస్తుంది. ప్రధాన యాజకుడికైనా వస్తుంది. మైలలో ఉన్నంతసేపు దేవాలయంలోకి పోకూడదు, నైవేద్యపు మాంసం, యాజకుల భాగం తినకూడదు. ఊళ్ళో తిరగడానికి, పని చేసుకోవడానికి చాలావరకు అడ్డులేదు.

గడువులు వేరువేరు. మగబిడ్డ పుడితే తల్లికి 7 రోజులు, ఆ తర్వాత ఇంకో 33 రోజులు ఆలయానికి దూరం. ఆడబిడ్డ అయితే 14, 66. ఈ రెట్టింపు ఎందుకో తోరా చెప్పలేదు. వ్యాఖ్యాతలు చెప్పిన కారణాల్లో ఒక్కటీ పూర్తిగా ఒప్పించదు. ముట్టుకు 7 రోజులు. శవాన్ని తాకినా, శవం ఉన్న కప్పు కిందికి పోయినా 7 రోజులు. మూడో రోజు, ఏడో రోజు ప్రత్యేకమైన నీళ్ళు చల్లించుకోవాలి.

ఆ నీళ్ళ తయారీ తోరాలోని వింతల్లో ఒకటి. కాడి ఎత్తని, మచ్చలేని ఎర్రావును ఊరి బయట వధించి, దేవదారు కర్ర, హిస్సోపు మొక్క, ఎర్రనూలుతోపాటు కాల్చి, ఆ బూడిదను ఊటనీళ్ళలో కలుపుతారు. రెండు వెంట్రుకలు నల్లగా ఉన్నా ఆవు పనికిరాదని మిష్నా. మోషే కాలం నుంచి రెండో ఆలయం దాకా కాల్చిన ఆవులు మొత్తం తొమ్మిదేనని అక్కడే ఒక లెక్క ఉంది. విచిత్రమేమిటంటే, చల్లించుకున్నవాడికి శుద్ధినిచ్చే ఆ బూడిద, దాన్ని సిద్ధం చేసినవాడికి సాయంత్రం దాకా మైల తెస్తుంది. ఇది మంత్రగాళ్ళ పనిలా ఉందే అని ఒక పరాయివాడు అడిగితే, మొదటి శతాబ్దపు పండితుడు యోహానాన్ బెన్ జక్కాయ్ అతనికి ఏదో సర్దిచెప్పి పంపాడట. అతను వెళ్ళాక శిష్యులు నిలదీస్తే, శవంలో మైల లేదు, నీళ్ళలో మహిమా లేదు, ఇది దేవుడు పెట్టిన కట్టడి, అంతే అన్నాడట. పట్టింపుల మధ్య బతికిన మనిషి నోట ఆ మాట రావడం గమనించాలి.

‘త్సారాత్’ అనే చర్మవ్యాధి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. తెలుగు బైబిల్లో దాన్ని కుష్ఠు అన్నారు. ఇది వైద్యులకు తెలిసిన కుష్ఠువ్యాధి కాదని ఇప్పుడు చాలామంది పండితుల మాట. లేవీయకాండం ప్రకారం ఇది మనిషి ఒంటికే కాదు, బట్టకూ, ఇంటి గోడకూ వస్తుంది. యాజకుడు వచ్చి చూస్తాడు, 7 రోజులు విడిగా ఉంచుతాడు, మళ్ళీ చూస్తాడు. వైద్యం చెయ్యడు, ఉందో లేదో ప్రకటిస్తాడు. నయమైనవాడి శుద్ధికి రెండు పిట్టలు కావాలి. ఒకదాన్ని ఊటనీళ్ళ మీద కోసి, రెండోదాన్ని ఆ రక్తంలో ముంచి పొలం మీదికి ఎగరేస్తారు. ఆ మనిషి ఒంటి మీది వెంట్రుకలన్నీ గీయించుకుని, స్నానం చేసి, మళ్ళీ పాళెంలోకి వస్తాడు. బయటికి పంపడానికి ఎంత తంతు ఉందో, తిరిగి లోపలికి తీసుకోవడానికి అంతకన్నా పెద్ద తంతు ఉంది. కుష్ఠు అన్న ఒక్క అనువాదం ఆ వ్యాధిగ్రస్తులకు చేసిన చేటు తక్కువది కాదు.

ఇంత గందరగోళపు జాబితా వెనక సూత్రం ఏదైనా ఉందా? మానవశాస్త్రజ్ఞురాలు మేరీ డగ్లస్ 1966లో అచ్చయిన పుస్తకంలో, ఏ వర్గంలోనూ సరిగా ఇమడనిదాన్నే సమాజాలు మైల అంటాయని వాదించారు. లేవీయకాండానికి పెద్ద వ్యాఖ్యానం రాసిన జేకబ్ మిల్‌గ్రోమ్ అన్నిటి అడుగునా చావు ఉందన్నారు: శవం, కారిపోయే రక్తం, వృథా అయిన వీర్యం, శవంలా పాలిపోయే చర్మం. రెండోదే ఎక్కువ కేసులకు అతుకుతుంది.

నీళ్ళతో పోని మైల కూడా ఒకటుంది. హత్య, విగ్రహారాధన, వావి తప్పిన సంబంధం దేశాన్నే మైలపరుస్తాయని తోరా అంటుంది. వాటికి స్నానం లేదు, గడువు లేదు; శిక్షో ప్రాయశ్చిత్తమో ఉండాలి. యెషయా ప్రవక్త మొదటి అధ్యాయంలోనే చేతుల నిండా నెత్తురు పెట్టుకుని ప్రార్థనకు వచ్చినవాళ్ళను దులిపేస్తూ, కడుక్కోవడమంటే అనాథకూ విధవకూ న్యాయం చెయ్యడమేనని తేల్చాడు.

చేదిన నీళ్ళు చెల్లవు

శుద్ధి స్నానం చేసే గుండాన్ని ‘మిక్వే’ అంటారు. మాటకు అర్థం నీళ్ళు చేరిన చోటు. అదే మాటకు ఆశ అనే అర్థం కూడా ఉంది. రెండో శతాబ్దపు పండితుడు అకీవా ఆ శ్లేష పట్టుకుని, గుండం మైలవాళ్ళను శుద్ధిచేసినట్టు దేవుడు ఇశ్రాయేలీయులను శుద్ధిచేస్తాడని చమత్కరించాడు.

మిక్వేలో కనీసం 40 ‘సెయా’ల నీళ్ళుండాలి. పాత కొలతను ఒక్కో పండితుడు ఒక్కోలా లెక్కగట్టడంతో అది సుమారు 575 లీటర్ల నుంచి వెయ్యి లీటర్ల దాకా వస్తుంది. అన్నిటికన్నా గట్టి షరతు మాత్రం కొలత గురించి కాదు, నీళ్ళ రాక గురించి. అవి వాననీళ్ళో ఊటనీళ్ళో అయి, వాటంతట అవి గుండంలో చేరాలి. బిందెతోనో బొక్కెనతోనో చేది పోసినవి చెల్లవు. 40 సెయాలు నిండకముందు మూడు ‘లోగు’లు, అంటే ఒక చెంబుడు, చేదిన నీళ్ళు పడినా గుండమంతా పనికిరాకుండా పోతుంది. మన మడి దీనికి సరిగ్గా తలకిందులు. మడినీళ్ళు అంటే మడికట్టుకున్న మనిషి స్వయంగా చేది, ఎవరినీ తగలకుండా మోసుకొచ్చిన బిందెడు నీళ్ళు. ఆ నీళ్ళకు విలువ తెచ్చింది మోసిన మనిషి. మిక్వే నీళ్ళకు మనిషి చెయ్యి తగలకపోవడమే విలువ. ఎవరు చేదారు, ఎవరి బావి అన్న ప్రశ్నకు అక్కడ తావే లేదు. ఊరి చేదబావి దగ్గర కొందరు తమ బిందె తాము ముంచుకోలేక, ఎవరైనా పోస్తారా అని నిలబడ్డ రోజులు గుర్తున్న నేలలో ఈ తేడా చిన్నదిగా కనపడదు.

మరి ఊళ్ళలో, అదీ నీళ్ళు లేని చోట, స్నానానికి వేడినీళ్ళు ఎలా? దానికొక ఉపాయం కనిపెట్టారు. ఇంటి కప్పు మీది వానను గొట్టంతో ఒక తొట్టిలోకి దించి నిలవచేస్తారు. పక్కనే కుళాయి నీళ్ళతో ఇంకో తొట్టి. మధ్య గోడలో ఒక కన్నం. ఆ కన్నం దగ్గర రెండు నీళ్ళూ తాకితే చాలు, కుళాయి నీళ్ళకూ వాననీళ్ళ హోదా వస్తుంది. హీబ్రూలో దీన్ని నీళ్ళు ముద్దుపెట్టుకోవడం అంటారు.

పాతకాలపు మిక్వేలోకి దిగడం మన దిగుడుబావిలోకి దిగినట్టే ఉంటుంది. సున్నం పూత పూసిన రాతిమెట్లు. కొన్నిచోట్ల మెట్ల మధ్య సన్నటి గట్టు, మైలతో దిగే దారినీ శుద్ధితో ఎక్కే దారినీ వేరుచేస్తూ. ఇశ్రాయేలులో తవ్వకాల్లో బయటపడ్డ ఇలాంటి గుండాలు వందల్లో ఉన్నాయి. మృతసముద్రం పక్కన మసాదా కోటలో, వాన అరుదైన ఎడారి గుట్ట మీద, 1960ల తవ్వకాల్లో యిగాయెల్ యాదిన్ బృందానికి ఒకటి దొరికింది. సంగతి తెలిసి వచ్చిన ఒక రబ్బీ, అంటే యూదుల మతగురువు, కొలతలు తీసి, ఇది శాస్త్రప్రకారమే కట్టారని తేల్చి వెళ్ళాడు.

స్నానానికి ముందు సబ్బుతో శుభ్రంగా ఒళ్ళు కడుక్కోవాలి, తల దువ్వుకోవాలి, గోళ్ళు తీసుకోవాలి. మురికి పోగొట్టడం మిక్వే పని కాదు. ఒంటికీ నీటికీ మధ్య ఏదీ అడ్డుండకూడదు: ఉంగరం, గోళ్ళరంగు, పంటి సందున ఇరుక్కున్న మెతుకు, ఏదీ. ఒక్క వెంట్రుక పైకి తేలినా మునక లెక్కలోకి రాదు. 12వ శతాబ్దపు పండితుడు మైమోనిదీసు తన ధర్మసంహితలో మిక్వే విధులు ముగిస్తూ, మైల నీళ్ళతో పోయే మురికి కాదనీ, మనసు పెట్టకుండా మునిగినవాడు మునగనట్టేననీ రాశారు.

పారే నదిలో మునగవచ్చా అంటే జవాబు సూటిగా లేదు. ఊటనీరు పారుతున్నా చెల్లుతుంది. వాననీరు నిలిచి ఉంటేనే చెల్లుతుంది. నదిలో ఊట ఎంత, వరద ఎంత అన్న వాదన మిష్నా మీద చర్చల గ్రంథమైన తల్మూదు కాలం నుంచే ఉంది. వాడపల్లి దగ్గర మూసీ కలిసే చోట భాద్రపదంలో ఎర్రగా పొర్లే కృష్ణను చూపిస్తే, ఆ పండితులు మాఘం దాకా ఆగమనేవాళ్ళేమో.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చడంతో ఈ వ్యవస్థలో చాలాభాగం పని లేకుండా పోయింది. ఎర్రావు బూడిద లేదు కాబట్టి, శాస్త్రం ప్రకారం ఇప్పుడు యూదులందరూ శవపు మైలలో ఉన్నట్టే. పోవడానికి ఆలయమూ లేదు, కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. మిగిలినవి కొన్నే. ముట్టు ఆగాక ఏడు శుద్ధదినాలు లెక్కపెట్టి భార్య మిక్వేలో మునగడం, అప్పటిదాకా భార్యాభర్తలు ఎడంగా ఉండడం. యూదులుగా మారేవాళ్ళు ముగ్గురు సభ్యుల ధర్మసభ ముందు మునగడం. యూదులు కానివాళ్ళ దగ్గర కొన్న కొత్త లోహపు, గాజు పాత్రలను వాడకముందు ముంచడం. యాజకవంశమైన కోహెన్‌లు శ్మశానానికి దూరంగా ఉండడం. శవస్నానం: ‘హెవ్రా కదీషా’ అనే ఊరి బృందం శవాన్ని కడిగి, తొమ్మిది ‘కావు’ల నీళ్ళు ధార తెగకుండా పోసి, రాజైనా కూలీ అయినా ఒకే రకం తెల్లబట్ట కడుతుంది. ఆ స్నానం పేరే తహారా.

ముట్టు విషయంలో ఒక మాట. రబ్బీల ధర్మంలో ఆ రోజుల్లో స్త్రీ వంట చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది, ఆమె వడ్డించింది అందరూ తింటారు, దూరం భర్తతోనే. ఇథియోపియాలోని బెతా ఇశ్రాయేలు యూదులు మాత్రం ఊరి చివర గుడిసెలో విడిగా ఉంచేవారు. మిక్వే మీద స్త్రీలలో ఏకాభిప్రాయం లేదు. రేచల్ ఆడ్లర్ 1970ల మొదట్లో దాన్ని సమర్థిస్తూ పేరుపొందిన వ్యాసం రాసి, 1993లో ఆ వాదనను తానే ఉపసంహరించుకున్నారు. మరోవైపు బోస్టన్ దగ్గర 2004లో తెరిచిన మయ్యీమ్ హయ్యీమ్ మిక్వేకు జబ్బునుంచి కోలుకున్నవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు తమంతట తామే వస్తున్నారు.

చేతులు

ఆలయంలో యాజకులు కంచుతొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని బలిపీఠం దగ్గరికి వెళ్ళేవారు. ఆ తొట్టిని స్త్రీలు ఇచ్చిన కంచు అద్దాలతో పోతపోశారని నిర్గమకాండం. ఆలయం పోయాక ఇంట్లో భోజనపు బల్లే బలిపీఠమైంది, తినేవాడే యాజకుడయ్యాడు. రొట్టె తినబోయే ముందు రెండు పిడుల చెంబుతో ఒక్కో చేతిమీద రెండేసి మూడేసి సార్లు నీళ్ళు పోసుకుని, ఆశీర్వచనం చెప్పుకుని, తుడుచుకుని, రొట్టె విరిచేదాకా మాట్లాడరు. ఇక్కడ చేదిన నీళ్ళే కావాలి. కుళాయి కింద చెయ్యి పెడితే సరిపోతుందా అన్నదే చర్చ. నిద్ర లేవగానే ఒకసారి, శ్మశానం నుంచి వచ్చాక ఒకసారి కూడా కడుక్కుంటారు.

సన్నాహం

శుద్ధి దేనికోసం అన్నదానికి తోరాలో మొదటి పెద్ద జవాబు సీనాయి కొండ దగ్గర ఉంది. దేవుడు దిగివస్తాడని తెలిశాక జనానికి మూడు రోజుల గడువు పెట్టారు: బట్టలు ఉతుక్కోవాలి, భార్యాభర్తలు ఎడంగా ఉండాలి, కొండకు కట్టిన హద్దు దాటకూడదు. మాల వేసుకున్నవాళ్ళు 41 రోజుల్లో చేసేది మూడు రోజుల్లోకి కుదించినట్టు ఉంటుంది. ఒక తేడా ఉంది: దీక్ష కొందరిది కాదు, జనం మొత్తానిది.

రెండో ఆలయం కాలంలో ప్రాయశ్చిత్త దినానికి ప్రధాన యాజకుడు పడిన పాట్లను మిష్నాలో ‘యోమా’ గ్రంథం పూసగుచ్చినట్టు చెబుతుంది. వారం ముందే ఆయనను ఇంటినుంచి తెచ్చి ఆలయంలో ఒక గదిలో ఉంచుతారు. పెద్దలు రోజూ కూర్చుని విధి చదివి వినిపిస్తారు. అయ్యా, మరిచిపోయారేమో, అసలు నేర్చుకోలేదేమో, మీ నోటితో చదవండి అని బతిమాలతారు. పదవి కొనుక్కుని వచ్చిన యాజకులు ఆ కాలంలో ఉండేవారు మరి. ముందురోజు పొద్దున ఎద్దులనూ పొట్టేళ్ళనూ ఎదురుగా నడిపించి గుర్తుపట్టిస్తారు. రాత్రి నిద్రపోతే స్ఖలనమై మైలపడతాడని భయం. కునుకు వస్తే కుర్ర యాజకులు చిటికెలు వేసి, చల్లటి నేల మీద నిలబెట్టి, తెల్లవార్లూ మాట్లాడిస్తూ కూర్చుంటారు. తెల్లారాక ఆయన అయిదుసార్లు మునుగుతాడు, పదిసార్లు కాళ్ళూ చేతులూ కడుక్కుంటాడు, బంగారు బట్టలు విప్పి తెల్లనారబట్టలు కట్టుకుని గర్భాలయంలోకి వెళతాడు.

ఇప్పుడా పని ప్రతి యూదుడి మీదా పడింది. ఎలూల్ నెలంతా ఉదయం పొట్టేలు కొమ్ము ఊదుతారు. తిశ్రీ నెల మొదటి పదిరోజులు పశ్చాత్తాపపు రోజులు. పదో రోజు యోమ్ కిప్పూర్, అంటే ఆ ప్రాయశ్చిత్త దినమే. సుమారు 25 గంటల పాటు తిండి, నీళ్ళు, స్నానం, నూనె రాసుకోవడం, దాంపత్యం, తోలు చెప్పులు, అన్నీ బంద్. అంత పెద్ద శుద్ధిదినాన స్నానమే నిషిద్ధం! సాటిమనిషికి చేసిన తప్పును ఈ రోజు మాఫీ చెయ్యదని మిష్నా కచ్చితంగా చెప్పింది. ముందుగా ఆ మనిషి దగ్గరికి వెళ్ళి ఒప్పుకోవాలి. అందుకే పండుగ ముందు వారమంతా అప్పులు తీర్చడాలు, మాటలు లేనివాళ్ళ గడప తొక్కడాలు. రోజువారీ ప్రార్థనకూ సన్నాహం ఉంది: పూర్వపు భక్తులు ప్రార్థనకు ముందు ఒక గంటసేపు ఊరికే కూర్చునేవారని మిష్నా. మనసు కుదుర్చుకోవడాన్ని ‘కవ్వానా’ అంటారు.

తోలు

యూదుల ఆరాధనలో అన్నిటికన్నా పవిత్రమైన వస్తువు పశువు చర్మమే. తోరా గ్రంథాన్ని శుద్ధజంతువు తోలును పదునుచేసి, కుట్టి, చుట్టగా చేసి రాస్తారు. తోలును నానబెట్టేటప్పుడే ఇది తోరా కోసమని మనసులో పెట్టుకుని మొదలుపెట్టాలి, లేకపోతే చెల్లదు. రాసేవాడు మిక్వేలో మునిగి వచ్చి కూర్చోవడం ఆచారం. నుదుటికీ చేతికీ కట్టుకునే ‘తెఫిల్లీన్’ పెట్టెలూ, పట్టీలూ తోలువే.

ఆ తోలు పదునుచేసేవాడి మాటేమిటి? లంద ఊరికి 50 మూరల దూరంలో, తూర్పు పక్కనే ఉండాలని మిష్నా. భర్త లంద పనివాడైతే, వాసన భరించలేనన్న భార్యకు విడాకులు ఇప్పించాలని ఇంకోచోట ఉంది. కారణం కంపు. లందకు దూరం పెట్టారు, మనిషికి పెట్టలేదు. లందనుంచి ఇంటికి వచ్చి, మునిగి, పొద్దుగూకాక అతను అందరిలో ఒకడు. అకీవా ముఖ్య శిష్యుల్లో ఒకడైన యోహానాన్‌ను జనం ‘హస్సందలార్’, చెప్పులు కుట్టే యోహానాన్ అనే పిలిచారు. ఆ పేరుతోనే ఆయన మాట మిష్నాలో ధర్మమైంది. యూదుధర్మంలో పుట్టుకతో వచ్చే తేడాలు అసలే లేవనలేం. కోహెన్ కొడుకే కోహెన్. అక్రమసంతానానికి పెళ్ళి ఆంక్షలున్నాయి. పరజాతివాళ్ళ మీద, సమరయుల మీద రబ్బీలు మైల శాసనాలు చేశారు. కానీ ఒక వృత్తిని ఒక వంశానికి కట్టి, ఆ వంశాన్ని మైల అనే ఏర్పాటు అందులో లేదు.

పాలమూరు జిల్లాలో కురుమూర్తి జాతర చూసినవాళ్ళకు ఈ తోలు కథ దగ్గరగా ఉంటుంది. చిన్నచింతకుంట మండలం అమ్మాపూర్ దగ్గర గుట్ట మీది కురుమూర్తిస్వామికి కార్తీకంలో ఉద్దాలు, అంటే దేవుడి చెప్పులు, సమర్పిస్తారు. వాటిని కుట్టేది వడ్డెమాన్ ఊరి మాదిగలు. దీపావళి అమావాస్య తర్వాత ఉపవాసముండి, నిష్ఠగా ఆ పని చేస్తారు. మిగతా ఏడాదంతా తోలు ముట్టినందుకు ఎడంగా ఉంచిన చేతులకే ఆ వారం నిష్ఠ కావాలి. తోరా తోలుకు మనసు పెట్టి మొదలుపెట్టాలన్న నియమం ఆ ఊళ్ళో ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు.

తెలుగు నేల మీద యూదులమని చెప్పుకునే సమాజం కూడా మాదిగలదే కావడం ఆసక్తికరం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీమ్ అనే తెలుగు కుటుంబాలున్నాయి. అంతకుముందు వీరు క్రైస్తవులు. శ్మూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ముల చొరవతో 1991లో అక్కడ ప్రార్థనామందిరం వెలిసింది. తాము తప్పిపోయిన ఎఫ్రాయీము గోత్రంవాళ్ళమని వీరి నమ్మకం. శవాన్ని కాల్చకుండా పాతిపెట్టడం వంటి మాదిగ ఆచారాలను అందుకు గుర్తుగా చూపుతారు. చరిత్రకారులు దీన్ని నిర్ధారించలేదు. యూలియా యెగోరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరిమీద రాసిన పుస్తకం కులాన్ని ఎదుర్కొనే దారుల్లో ఒకటిగా ఈ కథను చదివింది. ఆ చదువు సబబే అనిపిస్తుంది. మైల పుట్టుకలో ఉందన్న ఊళ్ళో, మైలకు గడువుందన్న గ్రంథాన్ని చేతిలోకి తీసుకోవడం మామూలు ఎంపిక కాదు. వంశం మాట ఎలా ఉన్నా, మిక్వే దారి ఎవరికైనా ఉంది: మిజోరం, మణిపూర్‌లకు చెందిన బ్నే మెనాషేలను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ తప్పిపోయిన గోత్రపు సంతతిగా గుర్తించాక కూడా, వాళ్ళు ధర్మసభ ముందు మునిగే యూదులయ్యారు.

దక్కన్‌కు వచ్చిన దారులు

యూదులు పెద్దగా రాకపోయినా వారి శుద్ధివిధులు వేరే చేతుల మీదుగా ఈ మెట్టప్రాంతానికి చేరాయి. మసీదు హౌజు దగ్గర వజూ, ఇంట్లో గుసల్ ఆ కుదురును గుర్తుచేసేవే. గుసల్‌లో గోళ్ళరంగు అడ్డుండకూడదన్న నియమం మిక్వే నియమం లాంటిదే. బాప్తిస్మం కూడా మిక్వే మునకనుంచి వచ్చిందే. 1889లో రష్యా మెనొనైట్ బ్రదరన్ సంఘం తరఫున ఇండియాకు వచ్చిన అబ్రహాం, మరియా ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో మిషన్ నెలకొల్పారు. చిలకరింపు చాలదు, ఒళ్ళంతా మునగాలన్నది వాళ్ళ సంఘం పట్టుదల. అలా మునిగినవాళ్ళలో మాలమాదిగలే ఎక్కువ.

అంతకు రెండు వందల ఏళ్ళకు పైగా ముందు, గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో, యూదుడిగా పుట్టి తోరా చదువుకున్న సర్మద్ అనే పర్షియా కవి హైదరాబాద్‌లో ఉండేవాడు. 1647లో అతన్ని ఇక్కడే కలిసిన ఒక రచయిత ‘దబిస్తాన్’ అనే పారశీక గ్రంథంలో యూదుమతం మీద అధ్యాయం రాశాడు. సర్మద్ శిష్యుడు అభయ్‌చంద్ పారశీకంలోకి తెచ్చిన తోరా మొదటి భాగం అందులోనే చేరింది.

ఇక తెలుగు బైబిలు అందుబాటులో ఉన్నవాళ్ళు లేవీయకాండం 11, 15 అధ్యాయాలు తీసి, ‘అపవిత్రుడు’ అన్న మాట దగ్గర ఆగిపోకుండా, దాని పక్కన సాయంకాలం అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి చూడండి.